సాధారణ నామ సంవత్సరము – 1910

సామాన్య జ్ఞానమను పేర మన విద్యార్థులు ప్రతియేట కంఠస్థము చేయు పట్టికలు కొన్ని కలవు. ఏ యేట ఏ రాజు మరణించెను, ఏ దేశమున ప్రభుత్వము మారెను, ఎవరికి బహుమానము లభించెను అని ప్రశ్నించిన తోడనే సమాధానము చెప్పగల బాలబాలికలు ప్రతి తరగతిలోను నలుగురైదుగురుందురు. అట్టివారిని మేము మెచ్చుకొందుము. పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో మేమును అట్టి పట్టికలను వల్లించినవారమే. కాని పట్టికలో ఒక యేటి సంగతులన్నియు ఒకే పరిమాణముగల యక్షరములలో ఒకదాని క్రింద నొకటి నిలుచును. వానిలో నేది ఆనాటి ప్రజలకు పెద్దదిగ తోచెనో, ఏది తరువాత పెద్దదయ్యెనో పట్టిక చెప్పదు. కావున ఈ సంచికలో ఒక్క సంవత్సరమును మాత్రమే గ్రహించి తీరికగా చదువుదము. మేమెన్నుకొన్నది 1910.

మన పంచాంగము ప్రకారము ఆ యేటి ఏప్రిల్ మాసమున ఉగాదితో ప్రారంభమైన సంవత్సరమునకు "సాధారణ" యని పేరు. అరువది సంవత్సరముల వరుసలో అది నలుబది నాలుగవది. ఆ పేరు ఎవరును కావలెనని పెట్టినది కాదు, వరుసలో వచ్చినది. అయినను ఆ యేడు ప్రపంచమున జరిగినదానిని చూచినచో ఆ పేరు విని నవ్వురాక మానదు.

ముందుగ ఒక విషయము గుర్తుంచుకొనవలెను. 1910లో ఆంధ్ర రాష్ట్రము లేదు, ఒడిశా రాష్ట్రమును లేదు. మన గంజాం జిల్లా మదరాసు రాజధానిలో నుండెను. బరంపురము వారును, విశాఖపట్టణము వారును, చిత్తూరు వారును ఒకే గవర్నరు పాలనలోనివారు. 1936 ఏప్రిల్ 1వ తేదిన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గంజాం అందు చేరినది. మన పూర్వులు ఇల్లు కదలకయే రాష్ట్రము మారిరి. కనుక ఈ వ్యాసములో విజయనగరమును, పర్లాకిమిడిని ఒకే వాక్యములో చెప్పినచో పిల్లలు ఆశ్చర్యపడ నక్కరలేదు.

ఆ యేడు జనులందరి కన్నులు ఆకాశము మీదనే యుండెను. హేలీ తోకచుక్క ఏప్రిల్ 20వ తేదిన సూర్యునికి అతి సమీపమునకు వచ్చి, మే నెలలో భూమికి దగ్గరగ పోయెను. మొదట తెల్లవారుజామున తూర్పున, నెల చివర సాయంకాలమున పడమట కనిపించెను. ఎడ్మండ్ హేలీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1531, 1607, 1682 సంవత్సరములలో కనిపించిన తోకచుక్కల మార్గములను పోల్చి, ఇవి మూడును ఒక్కటియే యని, అది 1758లో మరల వచ్చునని 1705లో ప్రకటించెను. ఆయన 1742లో కన్నుమూసెను. 1758 డిసెంబరు 25వ తేది రాత్రి అది మరల కనిపించెను. తాను చూడజాలని దానిని లెక్కవేసి చెప్పిన ఆ మనుష్యుని పేరే దానికి స్థిరపడెను. ఈ తోకచుక్క సుమారు 76 ఏండ్ల కొకసారి వచ్చును. 1986లో వచ్చిపోయినది. 2023 డిసెంబరులో సూర్యునికి మిక్కిలి దూరమైన స్థానమును చేరి అచ్చటినుండి తిరుగుముఖము పట్టినది. 2061లో మరల రాగలదు. ఈ వ్యాసము చదువు బాలబాలికలలో అనేకులు అప్పటికి మా వయస్సును దాటియుందురు. చూచి సంతోషింపగలరు.

1910లో దానిని చూచి సంతోషించినవారికంటె భయపడినవారే ఎక్కువ. అమెరికాలోని యెర్క్స్ పరిశోధనాలయమువారు ఆ తోకనుండి వచ్చు కాంతిని పరీక్షించి, అందు సయనోజన్ అను విషవాయువు కలదని కనుగొనిరి. మే 18, 19 తేదీలలో భూమి ఆ తోక గుండ పోవునని లెక్క తేలెను. ఇక చెప్పవలెనా! కామిల్ ఫ్లామరియన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ వాయువు వలన ప్రాణికోటి నశింపవచ్చునని చెప్పినట్లు పత్రికలు ప్రచురించెను. కొన్ని పట్టణములలో తోకచుక్క మాత్రలు విక్రయించిరి. విషవాయువు సోకకుండ ముఖమునకు ధరించు తొడుగులను జనులు కొనిరి. భూమి తోకగుండ పోయెను. ఏమియు జరుగలేదు. ఆ తోకలోని పదార్థము మనము పీల్చు గాలికంటె ఎన్నియో లక్షల రెట్లు పలుచనిది. విషమున్నను అంత పలుచనైనప్పుడు హాని చేయజాలదు. "విషము కలదు" అను మాట నిజమే. "ఎంత కలదు" అని అడుగుట మరచిరి. వదంతులను పరీక్షించుటకు నేటికిని ఆ రెండవ ప్రశ్నయే మంచి సాధనము.

అందరు ఒక్కటే చూపుతో చూడలేదు. విజయనగరమున గురజాడ అప్పారావుగారు ఆ యేట "ముత్యాల సరములు" రచించిరి. అందులో ఆయన ఈ తోకచుక్కను అరిష్టముగ గాక, భూమిని చూడవచ్చిన చుట్టముగ భావించి, సంఘసంస్కరణమునకు ఎత్తిన పతాకగ దర్శించెను. మాత్రలు కొన్నవారి పేర్లు మనకు తెలియవు. ఆ గేయము మాత్రము నేటికిని మన పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. ఆ యేటనే ఫిబ్రవరి మాసమున "ఆంధ్రభారతి" పత్రికలో ఆయన "దిద్దుబాటు" అను కథ ప్రకటితమయ్యెను. ఆధునిక తెలుగు కథానికకు అదే మొదటిదని పలువురు చెప్పుదురు. 1902లోనే భండారు అచ్చమాంబగారు కథలు వ్రాసిరని, ఆ గౌరవము ఆమెదని మరికొందరందురు. మాకు రెండవ పక్షమునందే అభిమానము. అట్లని "దిద్దుబాటు" విలువ తగ్గదు.

మే 6వ తేదిన ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డు మరణించెను. ఆకాశమున తోకచుక్క యుండగ రాజు చనిపోవుటచే, మేము చెప్పలేదా యని జోస్యము చెప్పువారందరు తలలూపిరి. మన యిండ్లలో అవ్వల పెట్టెలలో నేటికిని కనిపించు ఎడ్వర్డు రూపాయి తప్ప ఆయన జ్ఞాపకము మనకు వేరేమియు లేదు. తోకచుక్కకు చావుతో నిజముగ ముడివేసుకొన్నవాడు వేరొకడు. మార్క్ ట్వేన్ అను అమెరికా హాస్య రచయిత 1835లో ఈ తోకచుక్క వచ్చిన దినములలోనే జన్మించెను. దానితో వచ్చితిని, దానితోనే పోదునని ఆయన 1909లో చెప్పెను. 1910 ఏప్రిల్ 21వ తేదిన, అది సూర్యుని సమీపించిన మరునాడే కన్నుమూసెను. ఇది కేవలము కాకతాళీయము. అయినను హాస్యరచయిత చివరి హాస్యము గనుక మన్నింపవచ్చును.

రాజు మరణమునకు ప్రపంచమంతట జెండాలు దించిరి. అదే సంవత్సరమున పోయిన మరి ముగ్గురి వలన మన ప్రతి కుటుంబమును మేలు పొందినది. జర్మను వైద్యుడు రాబర్ట్ కోఖ్ మే 27వ తేదిన మరణించెను. క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని 1882లో లోకమునకు చూపినవాడాయనయే. కలరా కారణమును వెదకుచు ఆయన కలకత్తాకు వచ్చి, 1884లో అచ్చటి చెరువు నీటిలో ఆ క్రిమిని కనుగొనెను. రథయాత్రలకును, పుష్కరములకును పోయి కలరా సోకి మరణించినవారి కథలు లేని వంశము మన ప్రాంతమున అరుదు. నీటిని కాచి త్రాగుమని ఆరోగ్యశాఖవారు నేడు చెప్పు మాట వెనుక ఆ కలకత్తా చెరువు కలదు. ఆగస్టు 13వ తేదిన ఫ్లారెన్సు నైటింగేలు తొంబదియవ యేట దేహము చాలించెను. ఆమె దీపము చేతబట్టి గాయపడిన సైనికులను చూచిన బొమ్మ మనకందరకు తెలియును. ఆమె లెక్కల మనిషి యను సంగతి తెలిసినవారు తక్కువ. ఎందరు గాయములచేత, ఎందరు మురికివలన కలిగిన రోగములచేత మరణించిరో పటములు గీచి ప్రభుత్వమునకు చూపినది. భారతదేశమున నడుగిడకయే ఇచ్చటి పారిశుద్ధ్యమును గూర్చి, కరవులను గూర్చి దశాబ్దముల తరబడి వ్రాసినది. గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర నీటిపారుదల వాదమును బలపరచినది. అక్టోబరు 30వ తేదిన హెన్రీ డ్యూనాంట్ స్విట్జర్లండులోని ఒక చిన్న పట్టణమున మరణించెను. రెడ్ క్రాస్ సంస్థకు మూలపురుషుడు, 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమానమును పంచుకొన్నవాడు, నడుమ ఎన్నియో యేండ్లు దారిద్ర్యమున మరుగుపడియుండెను.

రాజ్యముల సంగతికి వత్తము. అక్టోబరు 5వ తేదిన పోర్చుగలు దేశమున రాజరికము తొలగి ప్రజాప్రభుత్వ మేర్పడెను. గోవా మాత్రము 1961 వరకు వారి చేతిలోనే యుండెను. నవంబరు 20వ తేదిన మెక్సికో దేశమున తిరుగుబాటు ప్రారంభమయ్యెను. అది పదియేండ్లు సాగెను. ఇవి రెండును పరీక్షలకు కావలసిన సంగతులే గనుక గుర్తుంచుకొనుడు. మేము నిలిచి చెప్పదలచినవి మరి రెండు. దక్షిణాఫ్రికా యొకటి, కొరియా యొకటి.

దక్షిణాఫ్రికా కథ మన వారి కథ. 1860 నవంబరులో ట్రూరో అను ఓడ మదరాసునుండి కూలీలను గైకొని నేటాలు రేవునకు చేరెను. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగ నేటాలునకు పోయిరి. వారిలో అధిక సంఖ్యాకులు మదరాసు రాజధానివారు. తమిళులతో పాటు గంజాం, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు అనేకులు. "అగ్రిమెంటు" అను మాట వారి నోట "గిర్మిట్" అయ్యెను. చెరకు తోటలలో ఐదేండ్లు పనిచేయవలెను. గడువు ముగిసిన పిదప అచ్చటనే యుండదలచినచో తలకు ఏటేట మూడు పౌనుల పన్ను. ఓడ యెక్కినప్పుడు గుమాస్తా పుస్తకములో పేరు, తండ్రిపేరు, వయస్సు, గ్రామము, తాలూకా వ్రాసికొనెడివాడు. ఆతడు తెలుగెరుగనివాడగుటచే విన్నది విన్నట్లు వ్రాసెను. ఇంటిపేర్లు, ఊరిపేర్లు విరిగిపోయెను. ఆ పుస్తకములు డర్బనులో నేటికిని భద్రముగ నున్నవి. వారి మునిమనుమలు ఆ వంకర యక్షరములలో తమ గ్రామమును వెదకికొనుచున్నారు.

1910 ఫిబ్రవరి 25వ తేదిన గోపాలకృష్ణ గోఖలేగారు కలకత్తాలోని కేంద్ర శాసనసభయందు, నేటాలునకు ఒప్పంద కూలీలను పంపుట మాన్పవలెనని తీర్మానము ప్రతిపాదించెను. ప్రభుత్వము అంగీకరించెను. 1911 జూలై మొదటి తేది నుండి ఆ నిషేధము అమలులోనికి వచ్చెను. ఏబది యేండ్లు ఓడలు పోయిన తరువాత ఒక దినపు చర్చతో ఆ దారి మూతపడుట ప్రారంభమైనది. తోకచుక్కను చూచిన ఆ నెలలలో ఈ వార్త ఎందరి చెవిని పడెనో చెప్పజాలము. కాని గంజాం జిల్లాలో ఏదో యొక పల్లెయందు, తరువాతి యేడు ఓడ యెక్కవలసిన ఒక కుటుంబము ఎక్కకయే నిలిచియుండును. వారి వంశీయులు నేడు మన నడుమ నుండవచ్చును.

1910 మే 31వ తేదిన కేప్, నేటాలు, ట్రాన్స్‌వాలు, ఆరెంజి నది వలసలు నాలుగును ఏకమై దక్షిణాఫ్రికా సమాఖ్యగ నేర్పడెను. పత్రికలు దీనిని గొప్పగ వర్ణించెను. ఆ దేశపు మూలవాసులగు నల్లవారికి కేప్‌లో కొద్దిపాటిగ తప్ప ఓటుహక్కు లేదు. భారతీయులకును అట్లే. దానికి సరిగ ముందునాడు, మే 30వ తేదిన, హెర్మన్ కాలెన్‌బాఖ్ అను వాస్తుశిల్పి జోహానెస్‌బర్గునకు 21 మైళ్ల దూరమున నున్న సుమారు 1,100 ఎకరముల తోటను సత్యాగ్రహుల కుటుంబములకు అద్దె లేకుండ ఇచ్చెను. గాంధీగారు దానికి రష్యా రచయిత టాల్‌స్టాయి పేరు పెట్టిరి. వేయి పండ్లచెట్లు, రెండు బావులు, ఒక ఊట, కొండక్రింద ఒక చిన్న యిల్లు అందుండెను. గుజరాతు, తమిళనాడు, ఆంధ్రదేశము, ఉత్తరదేశములనుండి వచ్చినవారు అచ్చట కలసి నివసించిరి. హిందువులు, మహమ్మదీయులు, పారశీకులు, క్రైస్తవులు నుండిరి. ఇరువది ముప్పది మంది పిల్లలుండిరి.

ఆ పిల్లల చదువు విషయమై గాంధీగారు చేసిన నిర్ణయమే మనకు ముఖ్యము. పాఠములు పిల్లల ఇంటి భాషలలోనే చెప్పవలెనని వారు నియమము పెట్టుకొనిరి. ఉపాధ్యాయులు లేరు, పుస్తకములు లేవు, పగలంతయు అందరు తోటపని చేసి అలసియుందురు. అయినను ఆ నియమము విడువలేదు. గాంధీగారికి తమిళము అంతంతమాత్రము వచ్చును. ఓడ ప్రయాణములలోను, చెరసాలలోను ఒక చేతిపుస్తకము సాయమున నేర్చుకొన్నది. తమకంటె ఆ భాష బాగుగ మాట్లాడు తమిళ బాలురకు వారు అక్షరములు నేర్పిరి. తమకు రానిది రాదని పిల్లలయెదుట దాచలేదని వారే ఆత్మకథలో వ్రాసికొనిరి. మన పాఠశాలలో సైతము పుస్తకములు ఆలస్యముగ వచ్చును. ఒక్కొక్కప్పుడు విజ్ఞానశాస్త్రము చెప్పగల తెలుగు ఉపాధ్యాయుడే దొరకడు. ఏ భాషలో చదివించిన నేమి, ఉద్యోగము వచ్చిన చాలదా యని కొందరు తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. వారి ప్రశ్న న్యాయమైనదే. ఉద్యోగమునకు ఒడియా, హిందీ, ఆంగ్లము కావలెను. మేమును వానిని నేర్పుచునే యున్నాము. కాని మొదటి సారి ఒక విషయము అర్థమగుటకు బిడ్డకు ఏ మాట చాలునో ఆ మాటలోనే చెప్పుట తేలిక. ఏ ప్రభుత్వపు సాయమును లేని ఆ తోటలో వారు చేసినది అదియే.

టాల్‌స్టాయి ఆ తోటను చూడలేదు. గాంధీగారు ఆయనకు తమ "హింద్ స్వరాజ్" ఆంగ్ల ప్రతిని ఏప్రిల్‌లో పంపిరి. ఆ గ్రంథమును భారతదేశమున ప్రభుత్వము అప్పటికే నిషేధించియుండెను. సెప్టెంబరు 7వ తేదిన టాల్‌స్టాయి గాంధీగారికి దీర్ఘమైన లేఖ వ్రాసెను. గాంధీగారికి ఆయన వ్రాసిన ఆఖరి లేఖ అదే. రెండు మాసముల పిదప ఒక రాత్రి, ఎనుబది రెండేండ్ల ఆ వృద్ధుడు ఇల్లు విడిచి రైలెక్కి, దారిలో జబ్బుపడి, అస్తపోవో అను చిన్న స్టేషనులో స్టేషను మాస్టరు ఇంట నవంబరు 20వ తేదిన మరణించెను. రష్యా పుస్తకములలో ఈ తేది నవంబరు 7 అని యుండును. అచ్చటి పంచాంగము అప్పుడు 13 దినములు వెనుకబడి యుండెను. తేదీలు రెండును సరియైనవే. ఇట్టి భేదము కనబడినప్పుడు ఒకటి తప్పని త్రోసిపుచ్చక, ఏ పంచాంగమో చూడవలెను.

ఇక కొరియా. 1910 ఆగస్టు 22వ తేదిన జపాను ప్రభుత్వము కొరియాతో సంధి పత్రము వ్రాయించుకొని, 29వ తేదిన ఆ దేశమును తమ రాజ్యములో కలుపుకొన్నట్లు ప్రకటించెను. ఆగస్టు 29 అనగనే మన పిల్లలకు గిడుగు రామమూర్తి పంతులుగారి జన్మదినము, తెలుగు భాషా దినోత్సవము స్ఫురించును. సరిగ ఆనాటికి గిడుగువారికి 47 ఏండ్లు నిండినవి. వారప్పుడు మన పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడు. మరుసటి యేడు ఉద్యోగము నుండి విరమించిరి. చుట్టుపట్ల కొండలలోని సవరల భాష నేర్చి, దానికి వాచకములు వ్రాసి, సవర బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించినవారాయన. తెలుగు బాలురకు సైతము వారు మాటలాడు తెలుగులోనే చదువు చెప్పవలెనని పోరాడిరి. గ్రాంథికపు వాసన వదలని మా యీ వ్యాసమును చూచినచో వారు తప్పక నవ్వుదురు. వేయి మైళ్ల యావల, అదే తేదిన, ఒక జాతి తన భాషను బడిలో కోల్పోవు దారి పట్టినది.

ఆ నష్టము ఒక్క దినమున జరుగలేదు. మొదట జపాను భాష పాఠశాలలలో ప్రధానమయ్యెను. కొరియా భాష ఒక పాఠ్యాంశముగ మిగిలెను. 1938లో అదియు ఐచ్ఛికము చేయబడి, క్రమముగ తరగతులనుండి కనుమరుగయ్యెను. 1940లో జనులు తమ పేర్లను సైతము జపాను పద్ధతికి మార్చుకొనవలసివచ్చెను. ఈ నడుమ 1929లో కొందరు పండితులు, ఉపాధ్యాయులు కూడి కొరియా భాషకు ఒక మహా నిఘంటువును నిర్మింప పూనిరి. పల్లె పల్లెనుండి మాటలు సేకరించిరి. 1942 అక్టోబరులో పోలీసులు వారిని నిర్బంధించిరి. నిఘంటువు నిర్మించుట రాజద్రోహమని ఆరోపణ. ఇద్దరు చెరసాలలోనే మరణించిరి. పదుమూడేండ్లు శ్రమించి వ్రాసిన ప్రతిని సాక్ష్యముగ స్వాధీనపరచుకొనిరి.

1945 ఆగస్టు 15వ తేదిన జపాను లొంగిపోయి కొరియాకు విముక్తి కలిగెను. పండితులు బయటికి వచ్చిరి గాని, వారి వ్రాతప్రతి ఎచ్చట నున్నదో తెలియదు. సెప్టెంబరు 8వ తేదిన సియోలు రైల్వేస్టేషను గిడ్డంగిలో, ఎవరును పట్టించుకొనని మూటలలో, అది దొరికెను. 1947లో మొదటి సంపుటము, 1957 నాటికి ఆరు సంపుటములును వెలువడెను. ఒక రైల్వేస్టేషనులో టాల్‌స్టాయి మరణించెను. మరియొక రైల్వేస్టేషనులో ఒక భాష దొరికెను. 1910వ సంవత్సరపు పట్టికలో "జపాను కొరియాను ఆక్రమించెను" అను ఒక్క పంక్తి మాత్రమే యుండును. ఆ పంక్తి ముగియుటకు ముప్పదియైదేండ్లు పట్టెను.

మన స్థితి కొరియావారి స్థితి కాదు. ఇది మేము స్పష్టముగ చెప్పుచున్నాము. మన రాజ్యాంగపు 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నందింప యత్నించుట ప్రతి రాష్ట్రపు బాధ్యతగ నిర్దేశించినది. మన భాషను ఎవరును నిషేధింపలేదు. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గినచో ఎవరి నిషేధమును అక్కరలేకయే విభాగము మూతపడును. ఈ రెంటికి భేదము పెద్దది. తల్లిదండ్రులు మాత్రము ఈ రెండవదానిని గూర్చి ఆలోచింపవలెను.

పట్టికలలో మరణములకు పక్కన జననములుండును. అవి విచిత్రమైనవి. పుట్టిననాడు వార్త కానివే తరువాత వార్తలగును. మే 12వ తేదిన ఫ్లారెన్సు నైటింగేలు తన చివరి జన్మదినము జరుపుకొనెను. ఆనాడే ఈజిప్టులోని కైరో నగరమున డొరొతి హాడ్జ్‌కిన్ జన్మించెను. ఆమె విటమిను బి-12 నిర్మాణమును కనుగొని 1964లో నోబెల్ బహుమానము పొందినది. ఇన్సులిను స్ఫటికమును 1935లో మొదటిసారి ఛాయాచిత్రము తీసి, దాని నిర్మాణమును 1969లో పూర్తిగ తేల్చినది. ముప్పది నాలుగేండ్లు! మధ్యలో చేతుల కీళ్లవాతము. ఒక పరీక్షలో మార్కులు తగ్గిన చదువు మానెదనను బాలికలు ఈ లెక్క గుర్తుంచుకొనవలెను. నైటింగేలు మరణించిన పదుమూడవ దినమున, ఆగస్టు 26న, స్కోప్యే పట్టణమున ఆగ్నెస్ అను బాలిక పుట్టెను. కలకత్తా ఆమెను మదర్ థెరెసాగ ఎరుగును. అక్టోబరు 19న లాహోరులో ఒక రైల్వే లెక్కల అధికారి ఇంట సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ జన్మించెను. తమిళ కుటుంబము, పంజాబు జననము, మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు. 1930లో ఇంగ్లండునకు పోవు ఓడలో, పందొమ్మిదేండ్ల వయస్సున, నక్షత్రముల మరణమును గూర్చి ఆయన వేసిన లెక్కకు 1983లో నోబెల్ బహుమానము లభించెను. ఇంటి భాష యొకటి, ఊరి భాష వేరొకటి యగుట చదువునకు అడ్డమని చెప్పువారికి ఈయన బాల్యము చాలిన సమాధానము.

తెలుగు వారి యింటను ఆ యేట ఒక జననము కలదు. విశాఖపట్టణమున శ్రీశ్రీ 1910లో జన్మించెను. ఏప్రిల్ 30వ తేదిన ఆయన జయంతి జరుపుట ఆచారము. కాని ఆ తేదిని గూర్చి పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఆధునిక తెలుగు కవిత్వమునకు దారి చూపిన మహాకవి పుట్టిన దినమే నిశ్చయముగ తెలియదు! రాజు మరణించిన ఘడియ మనకు తెలియును. తోకచుక్క సూర్యుని చేరిన ఘడియ తెలియును. విశాఖలో ఒక యింట బిడ్డ ఏడ్చిన దినము తెలియదు. గురజాడవారు ముత్యాల సరములు వ్రాసిన సంవత్సరమే, ఆ ఛందస్సును గురజాడ అడుగుజాడగ గౌరవించి ముందుకు నడచిన కవి ఊయలలో నుండెను. 1910లో ఈ రెండు సంగతులను జోడించి చూచినవారు ఎవరును లేరు, ఉండజాలరు.

కావున ఈ సంచికతో పాటు విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించుచున్నాము. మీ యింట ముత్తాతల కాలపు దస్తావేజులు, జాతకములు, పన్ను రసీదులు, రామాయణపు ప్రతులు ఏవైన నున్నచో పెద్దల అనుమతితో వెలికి తీసి చూడుడు. జాతకములలో ఇంగ్లీషు సంవత్సరము తరచుగ నుండదు. "సాధారణ నామ సంవత్సర" మని కనబడినచో అది 1910–11 కావచ్చును, లేక 1970–71 కావచ్చును. కాగితమును, సిరాను, అందలి పేర్లను బట్టి ఏదియో మీరే నిర్ణయింపవలెను. ఈ పేరు మరల 2030 ఉగాదికి వచ్చును. పాత తెలుగు వ్రాతలో అక్షరములు కలసిపోయి చదువుట కష్టముగ నుండును. అట్టి చోట మా వద్దకు తెచ్చినచో కలసి చదువుదము. కాగితములను పాఠశాలలో వదలి పోవలదు. నకలు వ్రాసికొని, అసలు ప్రతిని మరల ఇంటికే చేర్పవలెను. ఊరి పేరు, తాలూకా పేరు, సాక్షుల పేర్లు ఆనాడెట్లు వ్రాసిరో గమనించి రండు. వచ్చు సంచికలో ఆ నకళ్లలో కొన్నిటిని ప్రకటింతుము.